స్టవ్వు కట్టేశార్రా?

మన భాషలో కష్టాలన్నిటి తోకలోనూ ఒక పాట ఉంటుంది. పొరపాటు, గ్రహపాటు, తడబాటు, ఎడబాటు. చివరి రెండిట్లో పాట కాస్త బొంగురుపోయి 'బాటు' అయింది, అంతే తేడా. నాకు మొదట్నించీ బొంగురుపోయినవే ఇష్టం. కాబట్టి ఇది ఒక ఎడబాటు గురించి, ఒక బొంగురు గొంతు గురించి.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. నేను వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో చెవులు పరీక్షిస్తాను. ఇరవై రెండేళ్ళుగా వినపడనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు ఎలా తయారైందంటే, నేను ఇంట్లో కూచునుంటే అది రెండు వీధుల అవతలికి వెళ్ళి కూరగాయలు బేరమాడి రాగలదు. చిన్నప్పుడే మా అన్నయ్య నాకు 'మైకు' అని పేరు పెట్టాడు. పేరుకి తగ్గ ఉద్యోగం తర్వాత వెతుక్కుంటూ వచ్చింది. వయసు యాభై రెండు. పెళ్ళి సున్నా. రెండు గదుల ఇల్లు, ఒక మంచం, ఒక కుర్చీ, గోడ పొడుగునా పాటల అలమర. కుర్చీ ఇంకోటి కొందామనుకుంటూనే ఉంటాను. కొంటే దాంట్లో ఎవరు కూచుంటారన్న ప్రశ్న వస్తుందని కొనను.

నా పాటగాడికి జనం పెట్టిన పేరు బొంగురాయన. అసలు పేరు పోస్టర్ల మీద ఉంటుందిగానీ ఎవరూ చదవరు. ఆయన పాడుతుంటే ఎవరో ఇసకలో చెక్కపెట్టెని ఈడ్చుకొస్తున్నట్టుంటుంది. మొదటి చరణంలో పెట్టె ఖాళీదే అనుకుంటాం. రెండో చరణానికి లోపల ఏదో ఉందని అనుమానం వస్తుంది. మూడో చరణానికి ఆ లోపలున్నది మనదేనని తెలిసిపోతుంది. ఇంతకు మించిన సంగీత విమర్శ నా వల్ల కాదు. నాకు రాగాలు తెలీవు. తాళం అంటే ఇంటికి వేసేదే తెలుసు. పొద్దున వేసేదీ నేనే, సాయంత్రం తీసేదీ నేనే కాబట్టి ఎప్పుడూ తప్పలేదు.

మా అన్నయ్య పాటగాడు వేరు. ఆయన్ని పట్టుగొంతు అనేవారు. తేనె, వెన్న, వెన్నెల, ఇలా జారిపోయే వస్తువులన్నిటితోనూ పోల్చేవారు ఆయన గొంతుని. నేను మాత్రం "పట్టుందిగానీ విడుపు లేదు" అనేవాణ్ణి. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా ఇద్దరికీ ఒకటే గది, ఒకటే రేడియో. ఇక ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

"మీవాడు పాడుతున్నాడా, అడుగంటిన గిన్నె గీకుతున్నాడా?" అనేవాడు అన్నయ్య.

"మీవాడి పాట వెన్న రాసిన అద్దం. ఈగ వాలినా జారి కాలు విరగ్గొట్టుకుంటుంది."

"ఈగ సంగతి సరే, ముందు నీ చెవులు కడుక్కోరా."

"నావి చెవులు. నీవి గుమ్మాలు. ఏది పడితే అది లోపలికొచ్చేస్తుంది."

"ఇద్దర్నీ బయట పెట్టి తలుపేసుకుంటే నాకసలు ఏ పాటా అక్కర్లేదు," అనేది వంటింట్లోంచి అమ్మ.

అభిమానం అన్న మాట మన భాషలో రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒకటి ఇంకొకరి మీద ఉండేది, రెండోది మన మీద మనకుండేది. మొదటి అభిమానంతో కొట్టుకున్నన్నాళ్ళూ అన్నయ్యా నేనూ ఒకే దుప్పటి కింద పడుకున్నాం. రెండో అభిమానం వచ్చాక పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు.

ఆ సంగతికి వస్తాను. దానికి ముందు క్యాసెట్టు గురించి చెప్పాలి.

నాకు పన్నెండేళ్ళు, అన్నయ్యకి పదహారు. ప్రతి గురువారం సాయంత్రం ఐదింటికి రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి. బొంగురాయన పాట ఒకటి వెయ్యమని ఏడు వారాలు ఏడు కార్డులు రాశాను. పక్కింటి టైపిస్టుగారి టేపురికార్డరు గురువారం గురువారం గంటసేపు అరువు తెచ్చేవాళ్ళం. రేడియోని దీనికి తగిలించే తీగ మా దగ్గర లేదు. అందుకని రేడియోకి ఎదురుగా టేపురికార్డరు పెట్టి, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటుంటే బొత్తాలు నొక్కడమే. అంటే ఆ ఐదు నిమిషాలూ ఇంట్లో ఏ చప్పుడైనా పాటలో భాగమైపోతుంది. అందుకని చట్టాలు చేశాం. దగ్గకూడదు. కుళాయి తిప్పకూడదు. తలుపు గడియ వెయ్యాలి. రికార్డింగు బొత్తాలు అన్నయ్య నొక్కుతాడు, ఎందుకంటే నాకు వేళ్ళు వణుకుతాయి. ఏరియల్ నేను పట్టుకుంటాను, ఎందుకంటే అన్నయ్యకి బొంగురాయన కోసం చెయ్యెత్తి నిలబడటం నామోషీ.

ఏడో గురువారం పాట వచ్చింది. ఒక లారీ డ్రైవరు దూరంనించి ఇంటికి ఉత్తరం రాస్తున్నట్టుగా ఉండే పాట అది. అందరూ ఎలా ఉన్నారని ఒక్కొక్కర్నీ అడుగుతాడు. రెండో చరణం అయ్యాక వాద్యాలన్నీ ఆగిపోతాయి. నాలుగు దెబ్బల నిశ్శబ్దం. ఇంటినించి జవాబు కోసం ఆగినట్టు. ఆ తర్వాత చివరి చరణం, జవాబు వచ్చేసినట్టే అందుకుంటాడు. ఆ పాటకి ప్రాణం ఆ నాలుగు దెబ్బలే. నేను ఊపిరి బిగబట్టాను. అన్నయ్య ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి అమ్మ:

"ఒరేయ్, స్టవ్వు కట్టేశార్రా?"

జవాబు చెప్పకపోతే అమ్మ ఊరుకోదు, మళ్ళీ అడుగుతుంది, ఈసారి చరణం మీద అడుగుతుంది. అది అన్నయ్యకి తెలుసు. అందుకే నాలుగో దెబ్బ మీద గబుక్కున అన్నాడు:

"కట్టేశామమ్మా!"

పదహారేళ్ళ గొంతు. 'కట్టే' దగ్గర మగాడిలా మొదలై 'మమ్మా' దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడైపోయింది. దాని మీదే బొంగురాయన చివరి చరణం అందుకున్నాడు.

అసలు సంగతి, మేం స్టవ్వు కట్టెయ్యలేదు. పాలు పొంగి మాడి, ఆ వాసన ముందు గదిలోకి వచ్చాకగానీ గుర్తు రాలేదు.

ఏడు వారాల తపస్సు పాడు చేసిందని అమ్మ మీద రెండు రోజులు అలిగాను. మైకు పూర్తిగా ఆగిపోయింది. ఇంట్లో ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో అని అమ్మ సంతోషపడింది.

తర్వాత ఏమైందంటే, వినగా వినగా ఆ మాటలు కూడా పాటలో వాద్యాలైపోయాయి. అసలు రికార్డు కొనుక్కున్నాక విని చూస్తే పాట బట్టల్లేకుండా నిలబడ్డట్టనిపించింది. అందరూ చప్పట్లు కొట్టే పాట అదేగానీ, మా ఇంట్లో పాట ఇంకోటి. దానికి గాయకులు ముగ్గురు.

పన్నెండేళ్ళ కిందట అమ్మ పోయింది. ఫొటోలున్నాయి, కళ్ళజోడుంది, చెప్పులున్నాయి. గొంతు మాత్రం ఆ క్యాసెట్టులోనే ఉంది. ప్రపంచం మొత్తంలో ఒక్క మాట. అదైనా స్టవ్వు గురించి.

ఆ మరుసటి ఏడు నా పుట్టినరోజుకి నెల ముందు అన్నయ్య వచ్చాడు. "ఆ టేపు ఒకసారి ఇవ్వరా మైకూ, వింటాను," అన్నాడు. బొంగురాయన పాట తనంతట తను అడిగాడని మురిసిపోయి ఇచ్చాను. అన్నయ్య అచ్చాఫీసులో పని చేసేవాడు. పాతికేళ్ళు అచ్చు యంత్రాల మోతలో నిలబడి ఇంటికొచ్చే మనిషికి శుభ్రమైన చప్పుడంటే ఎంత ఆకలుంటుందో నాకప్పుడు తట్టలేదు.

పుట్టినరోజున తళతళలాడే డిస్కు పట్టుకొచ్చాడు. "టేపు సాగిపోతోందిరా. స్టూడియోలో ఇచ్చి దీనిలోకి ఎక్కించాను. మొత్తం కడిగించాను. బుస్సుమనే చప్పుడుండేది చూడు, అదేం లేదు. నేనూ వినలేదు ఇంకా. ఇద్దరం కలిసి విందామని."

పెట్టాం. పాట నిజంగా కడిగిన గాజులా ఉంది. రెండో చరణం అయింది. వాద్యాలు ఆగాయి.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

బొంగురాయన చివరి చరణం అందుకున్నాడు.

స్టూడియో మనిషికి అమ్మ గొంతు కూడా చప్పుడే. చప్పుళ్ళు తీసెయ్యమన్నారు, తీసేశాడు. అన్నయ్య గొంతునీ తీసేశాడు. అన్నయ్య మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"టేపేది?" అన్నాను.

"వాళ్ళు... సాగిపోయింది, పనికిరాదు, పారేస్తామంటే... సరే అన్నాన్రా."

ఇక్కడ నాలాంటివాడు ఏదో ఒక జోకు వేసి గండం గట్టెక్కాలి. ముప్పైమందిలో ఉన్నా నోరాపుకోలేనివాణ్ణి, అన్నయ్య ఒక్కడు ఎదురుగా ఉంటే ఆగుతానా? అన్నాను. "నీకెప్పుడూ శుభ్రం కావాలి కదా. అమ్మని కూడా కడిగేశావు. జబ్బు సగం చంపింది, మిగతా సగం నువ్వు చంపావు. నా గుమ్మం తొక్కకు," అన్నాను.

నా గొంతు రెండు వీధులు దాటుతుందని చెప్పాను కదా. ఆ రోజు పదకొండేళ్ళు దాటింది.

అమ్మ గొంతు పాటలో పడ్డందుకు ఒకసారి అలిగాను, పాటలోంచి పోయినందుకు ఇంకోసారి అలిగాను. రెండు సార్లూ నేనే. మొదటిసారి రెండు రోజుల్లో తేరుకున్నాను, ఎందుకంటే అమ్మ అన్నానికి పిలిచింది. రెండోసారి పిలవడానికి ఎవరూ లేరు. వారం తిరక్కుండానే నాకు తెలిసొచ్చింది, అన్నయ్య పోగొట్టుకున్నది కూడా అమ్మనేనని. కానీ తెలిసిరావడం వేరు, నోరు రావడం వేరు. అన్ని మాటలకీ వచ్చే నోరు ఆ ఒక్క మాటకి రాదు. ఆయన ఉండేది ఇదే ఊళ్ళో, రెండు బస్సుల దూరంలో. పట్టుగొంతాయన పోయిన రోజు పేపర్లో చదివి, అన్నయ్య ఒక్కడే కూచుని వింటుంటాడు కదా అనుకుని ఫోనందుకున్నాను. తొమ్మిది అంకెలు నొక్కాను. పదోది నొక్కడానికి వేలు వణికింది. చెప్పాను కదా, బొత్తాలు నొక్కేది ఎప్పుడూ అన్నయ్యే.

అభిమానుల బతుకు బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. బొంగురాయనకి ఏ కాలు నొప్పో నాకు తెలుసు, ఏ పాటకి ముందు మంచినీళ్ళు తాగుతాడో తెలుసు. ఆయనకి నేను పుట్టానన్న సంగతే తెలీదు. ఒకవైపే వినపడే ఫోను. అలాంటి ప్రేమకి అలవాటు పడ్డవాడికి అన్నయ్య మౌనం కూడా మామూలుగానే అనిపించాలి. అనిపించలేదు. బస్సులోనో, మందుల షాపులోనో ఆ లారీ డ్రైవరు పాట వస్తుంది. నాలుగు దెబ్బల దగ్గర నా పెదాలు వాటంతటవే కదుల్తాయి. ఇంట్లో అయితే గట్టిగానే అంటాను. ఎవరూ లేరు కాబట్టి అమ్మ వేషమూ నాదే, అన్నయ్య వేషమూ నాదే. "స్టవ్వు కట్టేశార్రా?" "కట్టేశామమ్మా." పదకొండేళ్ళు ఒక్కణ్ణే రెండు గొంతులూ వేశాను. అన్నయ్యది ఒక్కసారీ సరిగ్గా కుదరలేదు.

ఈ ఏడు మా ఊళ్ళో పోస్టర్లు వేశారు. బొంగురాయన ఆఖరి కచేరీ, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత ఇక పాడడట.

రెండు టిక్కెట్లు కొన్నాను. ఏడో వరుస, పద్నాలుగు, పదిహేను. అన్నయ్యకి ఉత్తరం రాశాను. మూడు పేజీల్లో నాలుగు జోకులొచ్చాయి, ఒక్క క్షమాపణ రాలేదు. చించేసి, వట్టి టిక్కెట్టు మా దుకాణం కవర్లో పెట్టి పోస్టులో వేశాను. వస్తే ఈ పదకొండేళ్ళూ పోతాయి. రాకపోతే ఇక నేనెప్పటికీ పిలవలేను. నాకు నేను పెట్టుకున్న లెక్క అది. బొంగురాయన ఇంకోసారి పాడడు, నాకు ఇంకోసారి సాకు దొరకదు.

ఆదివారం రెండున్నరకే వెళ్ళి కూచున్నాను. పదిహేనో సీటు ఖాళీ. పదహారులో ఒక పెద్దావిడ వచ్చి కూచుని, సంచీ ఎక్కడ పెట్టుకోవాలా అని చూసింది.

"బాబూ, ఇక్కడెవరన్నా ఉన్నారా?"

"మా అన్నయ్య వస్తాడండీ."

బొంగురాయన చేతికర్రతో వచ్చాడు. కుర్చీలో కూచున్నాడు. ఈడ్చే పెట్టె పాతదైపోయింది, ఇసకే ఎక్కువైంది. నాకింకా నచ్చింది.

మూడు పాటలయ్యాక పెద్దావిడ నా వైపు వంగింది. "ఇంకా రాలేదేం?"

"బస్సు ఆలస్యమైనట్టుందండీ."

విరామంలో మళ్ళీ. "చాలా దూరమా బాబూ మీ అన్నయ్యది?"

"రెండు బస్సుల దూరమండీ."

"నడిచొచ్చినా ఈపాటికి వచ్చేవాడే," అంది ఆవిడ. నిజం చెప్పేవాళ్ళని పక్క సీట్లో కూచోబెట్టకూడదు. కాసేపటికి సంచీ తీసి ఆ ఖాళీ సీట్లో పెట్టబోయి, నా మొహం చూసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

చివరినించి నాలుగో పాట లారీ డ్రైవరుది. హాలంతా సద్దుమణిగింది. ముసలాయన ఒక్కొక్కర్నీ ఎలా ఉన్నారని అడుగుతున్నాడు. రెండో చరణం అయింది. వాద్యాలు ఆగాయి. ఎనిమిది వందలమంది ఊపిరి బిగబట్టారు.

ఏం జరిగిందో నాక్కూడా సగమే తెలుసు. పక్క సీటు ఖాళీగా ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ చోట అనడం నోటికి అలవాటు. నేను ఒంటరిగానే ఉన్నాను.

"ఒరేయ్, స్టవ్వు కట్టేశార్రా?"

ఇరవై రెండేళ్ళు చెవిటివాళ్ళతో మాట్లాడిన గొంతు. బాల్కనీ ఆఖరి వరుస దాకా వెళ్ళి గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఎనిమిది వందల తలలు నా వైపు తిరిగాయి. పెద్దావిడ సంచీని గుండెకి హత్తుకుంది.

నేను రెండో గొంతు వెయ్యలేదు. ఆగాను. నాలుగో దెబ్బ కోసం, ఎక్కణ్ణించైనా, బాల్కనీలోంచైనా, గుమ్మం దగ్గర నిలబడైనా సరే, ఆ జవాబు వస్తుందేమోనని ఆగాను.

వచ్చింది. వేదిక మీదనించి వచ్చింది.

"కట్టేసే వచ్చాన్లే బాబూ," అన్నాడు బొంగురాయన మైకులో. "మా ఆవిడ రెండుసార్లు చూసింది."

హాలు బద్దలైంది. నవ్వులు, ఈలలు, చప్పట్లు. డోలు వాయించేవాడు కర్రలు కింద పడేసుకున్నాడు. ముసలాయన చెయ్యి ఊపి, నవ్వుతూనే చివరి చరణం అందుకున్నాడు.

నలభై ఏళ్ళుగా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడితే చాలనుకున్నాను. మాట్లాడాడు. నన్ను చూసి, నాకే జవాబు చెప్పాడు. ఏ అభిమానికి దక్కుతుంది? అంత అదృష్టం అంత దండగ కావడం నేనెప్పుడూ చూళ్ళేదు. చుట్టూ ఎనిమిది వందలమంది నా వల్ల నవ్వుతుంటే, నేను పదిహేనో సీటు మడత మీద చెయ్యి వేసుకుని కూచున్నాను. బట్ట చల్లగా ఉంది. ఎవరూ కూచోని సీటు అలాగే ఉంటుంది.

సోమవారం, మంగళవారం దుకాణంలో చెవులు చూశాను. మా పని ఎలా ఉంటుందో చెప్పాలి. ఒక అద్దాల గది ఉంటుంది. మనిషిని లోపల కూచోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలిస్తాం. మొదట కూతలు వినిపిస్తాం, వినపడితే బొత్తం నొక్కాలి. తర్వాత వాక్యాలు. నేను బయట మైకు ముందు కూచుని, పెదాలు చూసి పోల్చుకోకుండా నోటికి అట్ట అడ్డం పెట్టుకుని, జాబితాలోవి చదువుతాను. గొడుగు తలుపు వెనక ఉంది. బస్సు ఆలస్యంగా వచ్చింది. డాక్టరుగారు ఇంకా రాలేదు. లోపలి మనిషి నేనన్నది అన్నట్టు తిరిగి చెప్పాలి. ఒప్పయితే ఒప్పు, లేకపోతే తప్పు అని ఫారంలో రాస్తాను. ఒక్కో వాక్యానికి గొంతు కాస్త కాస్త తగ్గిస్తూ పోతాం. నేను గొంతు తగ్గించే చోటు ప్రపంచంలో అదొక్కటే.

బుధవారం పదకొండింటికి వదిన వచ్చింది. పదకొండేళ్ళలో జుట్టు సగం తెల్లబడింది, నడక మాత్రం అదే, ఎవరి మీదికో తగాదాకి వెళ్తున్నట్టు. మా కవరు బల్ల మీద పెట్టింది. లోపల టిక్కెట్టు, చింపకుండా.

"ఏమయ్యా మరిదీ, బాగున్నావా? చిక్కావు. వండుకుంటున్నావా, మాటలే తింటున్నావా?"

"వదినా..."

"మీ ఇద్దరి మధ్యా నన్ను దూరొద్దని ఆయనా చెప్పారు, అప్పట్లో నువ్వూ చెప్పావు. ఇన్నాళ్ళూ దూరలేదు, ఇవాళ దూరాను. కూచోమనవా?"

కుర్చీ వేశాను. దుకాణంలో కుర్చీలు బోలెడున్నాయి.

"ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బూట్లు కూడా వేసుకున్నారు. మంచం మీద గంటసేపు టిక్కెట్టు చూస్తూ కూచున్నారు. మళ్ళీ అన్నీ విప్పేశారు."

"నా మీద కోపమేగా."

"కోపం కాదయ్యా. చెవులు. రెండేళ్ళయింది. పిల్లలు ఫోన్ చేస్తే నవ్వి నాకిచ్చేస్తారు. పాటలు పెట్టుకోవడం మానేశారు, రేకుల మీద వానలా ఉందంటారు. వాడి పక్కన కూచుని, వాడు ఏదో అంటే నేను ఏదో అంటే, నేనింకా అలిగే ఉన్నాననుకుంటాడు, అన్నారు."

కవర్లోంచి టిక్కెట్టు తీసి, మళ్ళీ లోపల పెట్టాను.

"డాక్టరు దగ్గరికి పదమంటే, ఊళ్ళో చెవులు చూసేది వాడేగా, నేను రాను అంటారు. ఇంకో ఊరు పదమంటే, వాడుండగా ఇంకోడి దగ్గరికెందుకు అంటారు. ఏం చెయ్యను చెప్పు? పైగా నా మాట అసలు వినపడదంటారు."

"అది చెవి జబ్బు కాదు వదినా, పెళ్ళయిన ప్రతి మగాడికీ ఉండేదే," అన్నాను. నోరు తిరిగొచ్చినందుకు నాకే ఊరటగా అనిపించింది. వదిన నవ్వి, కళ్ళు తుడుచుకుని, "శుక్రవారం తీసుకొస్తాను. వాగకు," అంది.

శుక్రవారం తీసుకొచ్చింది. అన్నయ్య గుమ్మంలో ఆగాడు. మనిషి వంగాడు. కుడి చెవి కొంచెం ముందుకు పెట్టి నిలబడ్డాడు, వినపడనివాళ్ళందరూ నిలబడేలాగే. నా వైపు చూసి, నా భుజం పక్కన ఉన్న క్యాలెండరుకి చెప్పాడు.

"ఎక్కడ కూచోమంటారు?"

అంటారు. నన్ను 'మీరు' అన్నాడు. నా పన్నెండో ఏటినించీ విన్న తిట్లన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత తగల్లేదు.

"లోపల," అన్నాను. "లోపల కూచోండి" అనాలో "కూచో" అనాలో తెలీక అక్కడే ఆపేశాను.

హెడ్‌ఫోన్లు నేనే తగిలించాను. చెవి వెనక ఆ పుట్టుమచ్చ అలాగే ఉంది. తలుపు వేసి బయటికొచ్చి మైకు ముందు కూచున్నాను. మధ్యన అద్దం. వదిన నా పక్కన స్టూలు మీద.

కూతల పరీక్షలో సన్నటి స్వరాలన్నీ పోయాయని తేలింది. లావు స్వరాలు చాలావరకు ఉన్నాయి. అచ్చు యంత్రాలు చేసే పని అదే, ముందు సన్నవి తినేస్తాయి. జీవితమంతా పట్టుగొంతుని కొలిచిన చెవులకి చివరికి బొంగురే మిగిలింది. మామూలుగా అయితే ఇది గెలుపు. అద్దం మీద కొట్టి చెప్పేవాణ్ణి.

వాక్యాలు మొదలుపెట్టాను. అట్ట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"గొడుగు తలుపు వెనక ఉంది."

స్పీకరులో అన్నయ్య గొంతు: "కొడుకు తలుపు వెనక ఉన్నాడు."

"మనకి కొడుకెక్కడ? ఇద్దరూ ఆడపిల్లలేగా," అంది వదిన గొణుగుతూ.

తప్పు అని రాశాను. ఇంకో నాలుగు చదివాను. రెండు ఒప్పు, రెండు తప్పు. ప్రతిసారీ అన్నయ్య నేలనే చూస్తూ, బడిలో అప్పగించినట్టు చెప్పాడు. పనైపోతే లేచి వెళ్ళిపోయేలా ఉన్నాడు. ఇంకో పది వాక్యాలు, ఒక యంత్రం, ఒక సంతకం. ఆ తర్వాత ఆరునెలలకొకసారి బ్యాటరీల కోసం వస్తాడు, లేకపోతే వదినని పంపిస్తాడు. వచ్చే సాకు కూడా అయిపోతుంది.

ఆరో వాక్యం, డాక్టరుగారు ఇంకా రాలేదు. గొంతు ఇంకా తగ్గించాలి. మీట కిందికి జరిపాను. వంటింట్లోంచి ముందు గదికి వినపడేంత.

జాబితా చూశాను. అట్ట వెనకనించి అన్నాను.

"ఒరేయ్, స్టవ్వు కట్టేశార్రా?"

వదిన నా వైపు తిరిగింది. అద్దం అవతల అన్నయ్య కదల్లేదు. వినపడలేదనుకున్నాను. బొత్తం మీదున్న ఆయన వేలు మాత్రం బిగుసుకుంది.

ఒకటి. రెండు. మూడు.

"కట్టేశామమ్మా," అన్నాడు.

యాభై ఆరేళ్ళ గొంతు. పగలడానికి అందులో ఇక ఏమీ లేదనుకున్నాను. 'మమ్మా' దగ్గర పగిలింది.

మా రూలు ప్రకారం నేనన్నదే తిరిగి చెప్పాలి, జవాబు చెప్పకూడదు. ఆరో వాక్యం ఎదురుగా తప్పు అని రాశాను.

"ఏమడిగావు? ఏమన్నారాయన?" అంది వదిన. అన్నయ్య తలెత్తి అద్దంలోంచి చూశాడు. నన్నా, తన నీడనా, ఆ వెలుతుర్లో తెలీలేదు. తర్వాత హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి గట్టిగా అదుముకున్నాడు.

"తర్వాతది చదవరా," అన్నాడు.

అట్ట మళ్ళీ అడ్డం పెట్టుకున్నాను. ఈసారి కాస్త పైకి, కళ్ళ దాకా పెట్టుకున్నాను. అట్ట అంచు మీదనించి జాబితాలో తర్వాతి వాక్యం వెతుక్కుని చదివాను.

"బస్సు ఆలస్యంగా వచ్చింది."

"బస్సు ఆలస్యంగా వచ్చింది," అన్నాడు అన్నయ్య.